లోపలి దిక్కు నుంచి

నలభై రెండో అంతస్తుల అద్దం తుడుస్తుంటే
కుడికంట్ల ఓ మూలకు మసి పట్టింది.
బట్టతోని అద్దాన్నే మళ్ల మళ్ల రుద్దిన, పోలే.
ఉయ్యాలల పక్కనున్న నేపాలి పిలగాడు
"అద్దం సాఫే ఉన్నది భాయ్" అన్నడు.
రెండు దినాలకు మసి తెరయ్యింది,
తెర సగం దోహాను మింగింది.

మొత్తం నిద్రపుచ్చరట.
మత్తు కంటికే, మనిషికి గాదు.
సూది పట్టిన మిస్రీ డాక్టరు
గాజుల రాజలింగును మూడు ముక్కలు చేసి పిలిచి
"హరకా మాఫీ" అన్నడు.
కదలొద్దట.
పదకొండేండ్ల సంది తాడుమీద బతికినోన్ని,
ఆ మాట నాకు ఎవలూ జెప్పనక్కర్లే.

కింది రెప్ప పక్కపొంటి సూది దిగింది.
ఇంత మంట, పెద్ద బరువు,
ఎనుక నుంచి ఎవలో బొటనవేలుతోని
కన్నును ముందుకు తోసినట్టు.
జెరసేపటికి, అటు జూడమంటే కన్ను ఇనలే.
నా మొఖంలనే ఉన్నది,
కిరాయి కట్టుడు బందువెట్టినోడి లెక్క.

మీద పచ్చబట్ట కప్పిన్రు.
బట్టకింద నేను, నా ఊపిరి.
అవుతల మిషిను టిక్కుటిక్కు,
ఎవలో రాత్రి తిన్న మచ్‌బూస్ ముచ్చట, నవ్వు.
నొప్పి లేదు. భయమే మొద్దువారలే.
దానికి సూది లేదా అని అడుగుదామంటే
మాట్లాడొద్దన్నరు.

అప్పుడు గనవడ్డది.
చూపు పోయిన కంటికే గనవడ్డది:
పాలనీళ్లల్ల దీపం, దాని ముందట సన్నని నల్లపుల్ల
అటిటు తిరుగుకుంట, మురికి గుంజుకుంట.
నా పనే అది. అచ్చం నా పనే.
మూలలు ఇడువకుంట.
కాకపోతే పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి
నేను అద్దానికి లోపలి దిక్కున్న.
ఏసీ గదుల సాబులకు
బయట వేలాడే నేను గిట్లనే గనవడుత గావచ్చు:
మొఖం లేని నీడ, ఒక పుల్ల.

దగ్గొచ్చింది.
ఇసుక లెక్క గొంతుల కూసున్నది.
దగ్గొస్తే చెయ్యి ఒత్తుమన్నరు, ఒత్తిన.
బట్టకింద ఎవల్దో చెయ్యి తిరిగొత్తింది.
గరుకు చెయ్యి. కాయలు గాసిన చెయ్యి.
నల్లపుల్ల ఆగింది.

ఇప్పుడు సనయ్య క్యాంపుల బోర్ల పండుకున్న.
కంట్ల గ్యాసు బుడగ నింపిన్రు,
అది తెరను గోడకు అదిమి పడుతదట.
కరిగేదాంక విమానమెక్కొద్దు,
పైకి పోతే బుడగ ఉబ్బి కన్నే పోతదట.
టికెట్టు వాపసిచ్చిన. సగం పైసలే వచ్చినయి.
లేచి నిలవడితే కంట్ల ఒక గీత ఊగుతది,
మేస్త్రి రసమట్టం లెక్క.
దినానికింత కిందికి దిగుతది.
తన కింది మంచం నాకిచ్చిన కొమురయ్య
తెల్లారంగనే అడుగుతడు: "ఎంత దిగిందే?"
"గోరంత" అంట.

ఆ చెయ్యి ఎవల్దో.
బట్ట తీసేసరికి గదిల లేదు.