గరుకు

ఇరవై రెండేళ్ళు నునుపు చేశాను.
బీల్ ఊళ్ళో, ఏటి పక్క వర్క్‌షాపులో
గడియారం డొప్పల్ని కంబళి చక్రానికి ఆనించి
నా ముఖం నాకే కనిపించేదాకా.
ఒక్క గీత మిగిలిందా
ఆ డొప్ప తిరిగి నా బల్ల మీదికే వచ్చేది.

ఇప్పుడు అదే వీధిలో, మూడో అంతస్తులో
గీతలు పెట్టడానికి జీతం ఇస్తున్నారు.

గోరంత టైటానియం మేకు.
ముందు ఇసుక దెబ్బ,
తరువాత కాగే ఆమ్లంలో మునక.
మెరుపు చచ్చిపోయి బూడిద రంగు తేలుతుంది.
మొదటి వారం ఏడుపొచ్చింది నాకు.
"ఓడిల్, అద్దాన్ని ఎముక నమ్మదు" అంది రెగూలా,
మా షిఫ్టు పెద్ద.
"కాలూనే చోటు వెతుక్కుంటుందది."

ఆ పైన సున్నం.
మన ఎముకల్లో ఉండే సున్నమే,
భాస్వరంతో పెళ్ళయి పిండిగా మారింది.
సూర్యుడి ఒంటికన్నా వేడైన మంటలోంచి
దాన్ని ఊదుతాం.
రేణువు రేణువూ గాల్లోనే కరిగి
లోహం మీద పడి
పెనం మీద పిండిచుక్కలా చదునై గట్టిపడుతుంది.
వెంట్రుకంత మందం కూడా ఉండదు.
ఒట్టి చేత్తో తాకకూడదు.
ఇన్నేళ్ళూ నా వేళ్ళే నా పనిముట్లు,
ఇప్పుడు వాటికే లోపలికి ప్రవేశం లేదు.

కింది వాటాలో అబీలియు ఉంటాడు.
పోర్చుగల్ నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు
ఈ ఊరి గోడలకు గిలాబా చేసినవాడు.
పరంజా జారి, కింది దవడలో రెండు పళ్ళు పోయాయి.
మెట్ల మీద ఆపి అడిగాడు,
"నాకు పెట్టబోయేవి మీరు చేసినవేనా?"
ఏమో. పెట్టె మీద నంబరుంటుంది, పేరుండదు.

గరుకు సంగతి చెప్పాను.
ఖాళీ కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.
"దీనికా ఇంత చదువు!
నున్నటి కాంక్రీటుకి గిలాబా పడుతుందా ఎక్కడైనా?
ఉలితో గాట్లు పెడతాం, తడుపుతాం, అప్పుడు కొడతాం.
మందంగా కొట్టామా, పెచ్చులూడుతుంది."
పూత మందమైతే పెచ్చులూడుతుందని
మావాళ్ళకు తెలియడానికి ఎన్నేళ్ళు పట్టిందో
అతనికి చెప్పలేదు.

ఎముక తొందరపడదు.
అక్టోబరులో దించిన మేకులకి జనవరి దాకా గడువు.
అతను రొట్టెను సూపులో నానబెట్టుకున్నాడు,
నేను రోజుకి మూడొందల మేకులు పూశాను.
చిగురు కింద చీకట్లో
పూత కొంచెం కొంచెంగా ఎముకకి తనను ఇచ్చుకుంటుందట,
ఎముక ఆ గుంతల్లోకి పాకి వస్తుందట.
మా స్టేషను బోర్డు మీద ఊరి పేరు రెండు భాషల్లో ఉంటుంది,
మధ్యలో ఒక్క గీత.
ఆ గీత కూడా లేకుండా పోవాలి, అంతే.

జనవరిలో డాక్టరు పిడితో తట్టి చూశాడు.
మొదటిది ఖణేల్‌మంది.
రెండోది మొద్దుగా పలికింది.
డాక్టరు నోరు విప్పకముందే అబీలియుకి తెలిసిపోయింది:
పట్టని గిలాబా అలాగే డొల్లుతుంది.

నేను ఆ రాత్రంతా లెక్కపెట్టుకున్నాను.
ఏ షిఫ్టు? ఏ తొట్టి? గ్లోవు చిరిగిన రోజా?
నంబరున్న చీటీ చూపించమని అడిగితే
"గోడల్లోనూ ఒకటి రాలుతుంది, నేనెప్పుడూ
ఎవరి తాపీ అని అడగలేదు" అన్నాడు.

నిన్న తలుపు కొట్టి
ఒక చేతిలో వేయించిన చెస్ట్‌నట్ల పొట్లం,
ఇంకో చేతిలో అగ్గిపెట్టె ఇచ్చాడు.
కుడి పక్కనే నములుతూ వెళ్ళిపోయాడు.

అగ్గిపెట్టెలో, దూది మీద, రెండో మేకు.
కడిగి ఇచ్చారు కాబోలు,
ఎముక ఆనవాలు ఎక్కడా లేదు.

దీపం కిందికి తెచ్చి
మొట్టమొదటిసారి
ఒట్టి వేలితో తాకాను.