తువ్వాల కింద

అంకీస సంతల మేక ధర
ఎప్పుడూ తువ్వాల కిందనే ఉండేది.
దలారి నాంపెల్లి చెయ్యి ఒకటి, కొనేటోని చెయ్యి ఒకటి,
మీద ఎర్రగళ్ళ గుడ్డ.
లోపల వేళ్ళు మాట్లాడుకునేవి.
చిటికెన వేలు పడితే ఎంతో,
పిడికిలి నొక్కితే ఎంతో,
అమ్మేటోళ్ళం మాకే తెల్వది.
కప్పను మింగిన పాము పొట్టలెక్క
గుడ్డ కదిలి, కదిలి, ఆగేది.
ఆగినంక మా మామ చేతుల నోట్లు పెట్టి
"మార్కెట్ పడ్డది ఓదెలూ, గింతనే పలికింది" అనేటోడు.
తాడొక్కటే ఇంటికి తిరిగొచ్చేది,
మేక మెడ వాసనతోటి.

ఈ ఏడు పదమూడు మందిమి ఆడోళ్ళం
సంఘం పైసలతోని సిరోంచల కాంటా కొన్నం.
కొక్కెం కాంటా. గడియారం అసొంటి మొకం,
ఒక్కటే ముల్లు.
"పత్తికా?" అన్నడు దుకాణపాయన.
"మేకలకు" అంటే, కాంటను ఇంకోపారి తుడిచిచ్చిండు.

మామకు కోపం.
"నడుం మీద చెయ్యేస్తే తెల్వాలె మేక బరువు,
ఉల్లిగడ్డలా ఇవి, జోకనీకి?"
రెండు రోజులు నాతోని మాట్లాడలే.

సంత దినం విప్పచెట్టు కొమ్మకు కాంటా కట్టినం.
గోనెపట్టాల కూసోబెట్టిన మేక జారి
లసుమక్క మీద పడ్డది.
సంతంతా నవ్వింది.
మామ తిట్టుకుంట తిట్టుకుంట లేసిండు.
భుజం మీది తువ్వాల తీసి
మేక పొట్ట కింది నుంచి చుట్టి ముడేసిండు,
బిడ్డకు ఉయ్యాల కట్టినట్టు.
నాలుగు కాళ్ళు గాలిల ఈదినయ్.
ముల్లు ఊగింది, ఊగింది, నిలవడ్డది.

మరాఠీ బడిల చదివే నా బిడ్డ సుగుణ
"అఠ్ఠావీస్!" అని అరిచింది.
"ఇరవై ఎనిమిది" అన్న నేను అందరికీ.
సుక్కుబాయి మడావి గోండిల
తనలో తాను ఏదో అనుకున్నది.
మూడు భాషలకూ
ముల్లు అక్కడనే ఉన్నది.

పలక మీద ముగ్గుపిండితోని రాసినం
కిలో మూడు వందల ఎనభై.

పొద్దు నెత్తి మీదికొచ్చినా ఎవ్వరూ రాలే.
నాంపెల్లి దూరం నుంచి చాయ్ తాక్కుంట
"పారుడు రోగపు మంద అది" అని ఒకనికి చెప్పిండంట.
ఆ ఒకడు పది మందికి చెప్పిండు.
మేకలు నీడ వెతుక్కున్నయ్.
మేము ఒకరి మొకం ఒకరం చూసుకోలే.

అప్పుడొచ్చిండు ప్రాణహిత వంతెన దాటి ఒకాయన,
చెల్లె పెండ్లి విందుకు అయిదు కావాలని.
పళ్ళు చూసిండు, తోక ఎత్తి చూసిండు,
పలక చూసిండు, చూసి, అలవాటు కొద్ది
మామ దిక్కు చెయ్యి చాపిండు.
మామ చెయ్యి సుత ముందుకు పోయింది.
తువ్వాల మేక పొట్ట కింద ఉన్నది.
రెండు చేతులు ఎండల
దొరికిపోయిన దొంగలోలె నిలవడ్డయ్.

మొదటి మేక, పదివేల ఆరు వందల నలభై.
సుగుణ రెండు సార్లు లెక్క కట్టింది.
పోయిన సంతల గింతదానికే
ఏడు వేలు చూసినం.

అన్నీ పోలే. ఏడింటిల రెండు మిగిలినయ్.
టెంపో కిరాయి మూడొందలు.
ఎండకు నిలవడి ఆ రెండూ కిలో కిలో తగ్గినయ్,
ఆ మాట సుత కాంటనే చెప్పింది,
మొహమాటం లేకుంట.
వచ్చే వారం నాంపెల్లి ఏం జేస్తడో తెల్వది.
తాళ్ళకు మేకలుండంగ ఇంటికి రావుడు
మాకు కొత్త.

రాత్రి నీళ్ళకు లేసిన.
మామ నిద్ర పోలే. గొంగడి కప్పుకున్నడు.
లోపల వేళ్ళు కదులుతున్నయ్,
ఒక చెయ్యి ఇంకో చేతిని పట్టుకొని
నొక్కుతున్నది, విడుస్తున్నది, మళ్ళ నొక్కుతున్నది.
నలభై ఏండ్ల సంతలు.
నల్లమేక, చెవులు కోసిన మేక, సుగుణ బారసాల నాటి పోతు,
ఒక్కొక్కటే
మళ్ళ జోకుతున్నడు.

నేను నీళ్ళు తాగకుంటనే
చెంబు కింద పెట్టిన, చప్పుడు రాకుండ.