కాసుంపావు

కాలవలు కట్టేసిన వైశాఖంలో
మధ్యాహ్నం రెండింటికి
రాజోలు బజారంతా తలుపులు చేరేసుకున్న వేళ
గెడ్డం సులోచన మా కొట్టు మెట్టెక్కింది.
సెలవు మీద వచ్చిందట. చేతిలో రెండు అట్టపెట్టెలు.
"బాబాయ్, నీ కాటా ఓ పూట కావాలి."

మూత తీస్తే గుండ్లు.
మందు లేదు, తొడుగు లేదు,
వట్టి రాగి ముక్కులు, వరసగా నిలబడి.
తొమ్మిది వందల మీటర్ల పందెమంట.
అంటే మా గుమ్మంలో బోర్లా పడుకుని కొడితే
ఎక్కడో లాకుల దగ్గర
అన్నం పళ్ళెంలో పడాలి.

ముందు ఫ్యాన్ ఆపాను.
తర్వాత కిటికీ.
తర్వాత కాటా చుట్టూ అద్దం తలుపులు.
ఊపిరి కూడా పక్కకి తిరిగి వదిలాం.

పది గ్రాముల నలభై నాలుగు మిల్లీలు.
నలభై మూడు.
నలభై నాలుగు. నలభై నాలుగు.
కాసుంపావు, అన్నాను అలవాటు కొద్దీ.
నూట యాభై అయిదు గ్రెయిన్లు, అంది తను.
గ్రెయినంటే ఎంతని లెక్క వేస్తే
గురివింద గింజలో సగానికి కాస్త ఎక్కువ.
మా తాత డబ్బాలో ఇంకా నాలుగున్నాయి,
ఎర్రగా, తమ నలుపు తమకి తెలీకుండా.

రెండో పెట్టెలోవి నూట డెబ్బై అయిదు.
పొడుగ్గా, హుందాగా, పెళ్ళివారి పెద్దల్లా.
"ఇవే తీసుకో. బరువైంది గాలికి జరగదు కదా?"
నాకు తెలిసిన లోకంలో బరువుదే విలువ.
"తక్కువే జరుగుద్ది బాబాయ్. కానీ నా గొట్టంలో
మెలిక వదులు.
ఇంత పొడుగాటిదాన్ని చాలినంత తిప్పలేదు.
తిరగని బొంగరం ఏమవుద్ది?"

జేబులోంచి పాత గుండొకటి తీసింది,
అడుగు బల్లపరుపుగా ఉంది.
పెట్టెలోదాని పక్కన పెట్టింది.
"సఖినేటిపల్లి రేవులో పంటు చూడు,
వెనకాల ఎంత సుడి!
నావ చూడు. నీళ్ళు దాని వెనక
ఏమీ జరగనట్టు కలిసిపోతాయి.
దగ్గరికైతే పంటు చాలు.
అంతదూరం పోయేసరికి ప్రాణం సగం అయిపోద్ది,
అప్పుడు తూలకుండా ఉండేది కావాలి."

నూటికి డెబ్బై ఒకటి నీలం డబ్బాలోకి.
పంతొమ్మిది సాధనకి.
పది వద్దంది. ఎందుకో ఒక్కోదానికీ చెప్పింది,
ఒకటికి మాత్రం
"ఇది నాకు నచ్చలేదు" అని ఊరుకుంది.

పెట్టె వెల నేనడగలేదు.
నిరుడు వాళ్ళమ్మ మార్తమ్మ తెచ్చిన
రెండుపేటల గొలుసు కరిగింది నా కుంపట్లోనే.
తరుగు తీయలేదు.
తీశాను. కొంచెం.

పొద్దు వాలాక తలుపు తీస్తే పైరగాలి.
ఎదురు కొట్టు బ్యానరు ఒకవైపు ఊగుతోంది,
కాలవ గట్టు కొబ్బరాకులు ఇంకోవైపు.
మెట్టు మీద నిలబడి చూసి చూసి
"ఇక్కడ మూడు, గట్టు దగ్గర అయిదు,
అవతల అసలు లేదు" అంది, ఎవరితోనో అప్పు తేల్చుకుంటున్నట్టు.
పూటంతా గాలి తగలకుండా తూచినవాటిని
ఆ గాలిలోకే పట్టుకుపోయింది.

కార్తీకంలో ఫోను.
ఆరో స్థానం.
"ఆఖరి రెండిటికీ గాలి తిరిగింది, నేను చూళ్ళేదు.
గుండు తప్పేం లేదు బాబాయ్."
నాకేం చెప్పాలో తెలీక
ఆరంటే తక్కువేం కాదన్నాను.
అటునుంచి కాసేపు మాట లేదు.

వద్దన్న పదిలో ఒకటి నా దగ్గరుండిపోయింది,
ఆ నచ్చనిది.
రసీదుల మీద బరువుగా పెట్టుకున్నాను.
నిన్న మలికిపురం నుంచి వచ్చినాయన
బంగారమా అని అడిగాడు.
కాదని తూచి చూపించబోయాను.
ఫ్యాన్ ఆపడం మర్చిపోయాను.
అంకెలు నిలబడలేదు.