నాలుగు వేళ్ల దూరం

తలెత్తుకొని బతుకు బిడ్డా అన్నడు మా నాయిన.
తలెత్తుడే నా కూలి అయింది.

సల్మాబాద్ క్యాంపు కాడ నాలుగున్నరకు బస్సు.
సీఫ్‌ల కడుతున్న హోటల్‌ల ఇరవై రెండో అంతస్తు.
నిచ్చెన మీద నేను, నా మీద జిప్సం బోర్డు,
బోర్డు కింద రేపు పండుకునేటోళ్ల నిద్ర.
తొమ్మిదేండ్లు.
బహ్రెయిన్‌ల ఆకాశం ఎట్లుంటదని ఎవలన్న అడిగితే
తెల్లగ, రెండడుగుల పలకలు పలకలుగ ఉంటదని చెప్తా,
నడుమ నడుమ లైటుకు బొక్కలుంటయని చెప్తా.

మొదలు ఎడమ రెట్ట కాడ చీమ కుట్టినట్టుండె.
తర్వాత తాడు పేనినట్టు.
తర్వాత ఎవలో నా వెన్నుపూసల్ని
తస్బీ లెక్క ఒక్కొక్కటే జరుపుతున్నట్టు,
రాత్రంత, పేరు మాత్రం పలుకకుండ.

పచ్చ బాము, ఎర్ర బాము, మూత ఊడిన పసుపుపచ్చ బాము.
రూమంత నా నొప్పి వాసన.
ఆరుగురు పీల్చుకున్నరు, ఒక్కలు మాటనలే.
సెలూన్‌ల బంగ్లా పిలగాడు కటింగయినంక
మెడ పట్టి టక్కుమనిపిచ్చిండు.
రెండు రోజులు రాజు లెక్క తిరిగిన.
మూడోనాడు మెడనే తిరుగలే.

ఆ వారం వీడియోల స్వరూప అడిగింది:
పక్కకు జూస్తున్నవేంది, ఎవలున్నరక్కడ?
సిగ్నల్ ఇటు దిక్కుందే అన్న.

ఒకనాడు డ్యూటీ దిగొచ్చేసరికి
కింది బెర్తు మీద నా దుప్పటి మడతవెట్టి ఉంది.
పై బెర్తు మీదికెళ్లి బుచ్చిరాములన్న కాళ్లు వేలాడుతున్నయి,
యాభై నాలుగేండ్ల కాళ్లు, మడిమల పగుళ్లల్ల సిమెంటు.
ఏందన్నా అంటే,
పైన గాలి మంచిగొస్తదిరా అన్నడు.
ఏసీ కిందికే కొడతదని ఇద్దరికి ఎరుకే.

శుక్రవారం ఉచిత వైద్యమంటే పోయిన.
జెస్సమ్మ అని మలయాళీ ఆమె,
మందు రాయలే, గోడకు నిలవెట్టింది.
మడిమలు ఆనినయి, పిర్రలు ఆనినయి, వీపు ఆనింది,
తల ఆనలే.
గోడకు తలకు నడుమ వేళ్లు వెట్టి కొలిచింది.
నాలుగు వేళ్లు. ఇదే నీ దూరం అన్నది హిందీల.
నేను ఇన్నేండ్లు సముద్రమనుకున్న.

గడ్డం లోపలికి గుంజుమన్నది,
నచ్చని కూర వడ్డిస్తుంటే ఎన్కకు జరుగుతం సూడు, అట్ల.
పొద్దుగాల పది, రాత్రి పది.
అర్ధగంటకోసారి నిచ్చెన దిగుమన్నది.
పాపం, ఆమెకు మా ఫోర్మన్ తెల్వదు.

గల్లీ మొగన ఇస్త్రీ చేసే యాకూబ్ చాచా ముల్తాన్ ఆయన.
ఆఖరి జుబ్బా అయినంక నా తువాల తడిపి
ఇస్త్రీపెట్టె కింద వెట్టి, ఆవిరి లేస్తుండంగ
మెడ మీద వేస్తడు.
పైసలిస్తే కోపమొస్తది ఆయనకు:
మడతలు తీసుడే గద నా పని, మనిషివైతేంది?

నొప్పి పోలే. అబద్ధమెందుకు.
కిక్కిరిసిన బస్సుల ముసలాయన లెక్క
కొంచెం అటు జరిగి నాకు జాగిచ్చింది.
ఇప్పుడు ఫోర్మన్ కసిరినా నిచ్చెన దిగుతున్న.
దిగి, తల వంచి నేలను సూస్తున్న.
జిప్సం దుమ్ముల నా అడుగులు,
పొద్దుటి నుంచి ఆ నిచ్చెన సుట్టే తిరిగినయి,
అచ్చం గానుగెద్దు బాట.
ఇన్నేండ్లు నేను ఎక్కడ నిలవడ్డనో
ఒక్కనాడన్న సూసుకోలే.

నిన్న రాత్రి గోడకు నిలవడి కొలుచుకున్న.
రెండు వేళ్లు, మీద ఒక గోరు.
బుచ్చిరాములన్న పైకెళ్లి వంగి సూసి
ఇంకొంచెం గుంజురా, కూర అస్సలు బాలేదు అన్నడు.
ఆరుగురం నవ్వినం. నవ్వితే గూడ గుంజలే.

పొద్దుగాల ఫోన్‌ల స్వరూప అన్నది:
ఇయ్యాల సక్కగ నన్నే జూస్తున్నవ్.
అవునే, అన్న.
సిగ్నల్ నడుమకొచ్చింది.