కొలత

ఓర్క్నీ దీవుల్లో, స్ట్రామ్‌నెస్ రేవు పక్క హాల్లో
థోరా లింక్‌లేటర్ ఫిడేలు దించింది.
బయట వాన అడ్డంగా కురుస్తోంది.
వెనక వరుసలోంచి ఎర్లెండ్,
డెబ్భై దాటిన పీతల వేటగాడు,
"ఎంత్రాల్ చేసేశావమ్మా" అన్నాడు.

నవ్వింది. కమాను వదులు చేసింది.
వెంట్రుకల మీది గుగ్గిలం పొడి
గుడ్డతో తుడుస్తూ ఆగిపోయింది.

పగలు ఆమె పని మ్యూజియం వెనకగదిలో.
ఆ వారమే రాసింది, పెన్సిలుతో:
పెట్టె నలభై ఒకటి. మెడపట్టీ. ఇనుము.
లోపలి కొలత, పదకొండు సెంటీమీటర్లు.
రాసి, టేపు మళ్ళీ చుట్టి చూసింది.
పదకొండే.

థ్రాల్.
పడవల మీద వచ్చినవాళ్ళ నోట
ఆ మాటకు ఒకటే అర్థం, బానిస.
ఐర్లండు ఒడ్డున పొయ్యి దగ్గర ఉన్నదాన్ని
ఉన్నపళంగా ఎత్తుకొచ్చి
డబ్లిన్ రేవులో పళ్ళు చూసి బేరమాడితే
ఆమె పేరు అక్కడే రాలిపోయి
ఈ మాట మిగిలింది.

తర్వాత ఇంగ్లీషు దాని ముందు
ఒక చిన్న శబ్దం తగిలించింది,
తలుపుకి గొళ్ళెంలాగా.
చాలాకాలం అది నిజం గొళ్ళెమే.
ఎప్పుడో ఒక ప్రేమికుడు
నీ చూపుకి బానిసనన్నాడు, సరదాగా.
ఇనుము అరిగి పట్టుదారమైంది.
ఇప్పుడు నాటకాల పోస్టర్ల మీద
అదే మాట, పక్కన నాలుగు చుక్కలు.

మనమేం తక్కువ?
పాట కట్టిపడేసిందంటాం,
కథకి దాసోహమంటాం.
తాడెవరిదని
ఏ సభలోనూ ఎవరూ లేచి అడగలేదు.

కుర్చీలు మడుస్తూ అడిగింది థోరా:
"నిజంగా కదల్లేకపోయావా?"
"ఒట్టు. కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు."
"తలుపు తీసే ఉందిగా, ఎర్లెండ్."
"ఉంటే? వెళ్ళబుద్ధి కాలేదు."

అదీ తేడా, అనుకుంది.
పైకి అనలేదు.
బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి
గాల్లో ఒక సున్నా చుట్టి
అతనికి చూపించింది.
"ఇంత ఉంటుంది."
"ఏది?"

పెట్టె నలభై ఒకటి గురించి చెప్పింది.
ఎర్లెండ్ చేతిలో టీ చల్లారింది.
చాలాసేపు ఆ సున్నా ఉన్నచోటే చూశాడు.

బయట గాలి సముద్రాన్ని మెట్ల దాకా తెస్తోంది.
గొంతుదాకా గుండీలు పెట్టుకునే చలి.
గుమ్మం దిగుతూ, ఎందుకో,
అతను మఫ్లరు వదులు చేసుకున్నాడు.