పావంగుళం

రాత్రి పదకొండయింది. హోబర్ట్‌లో జూలై.
కొండ మీది మంచుగాలి కిటికీ సందులో దూరి
హీటర్‌తో పోట్లాడుతోంది.
తెర మీద ఒక ఖాళీ గడి:
కమీషన్ ఎంత శాతం?
అందులో కర్సర్ రెప్పలార్పుతోంది,
బేరం తెగక నిలబడ్డ మనిషిలా.

నేను అమ్మేది బొంత కాదు.
బొంత ఎలా కుట్టాలో చెప్పే ఇరవై రెండు పేజీలు,
పద్నాలుగు డాలర్లు.
డబ్బు పడగానే వాళ్లింట్లో ప్రింటరు కక్కుతుంది.
నా దగ్గర ఏమీ తగ్గదు.

గుంటూరు మిర్చి యార్డులో మూడేళ్లు చిట్టా రాశాను.
అక్కడ శాతం అంటే కోరు, తుమ్ము,
టిక్కీ విప్పి గుప్పెడు తీసి నలిపి చూసే చెయ్యి.
తేమకి ఇంత, తాలుకి ఇంత, తరుగుకి ఇంత,
కాటా వేసినవాడికి ఇంత, మోసినవాడికి ఇంత.
అన్నీ పోగా మిగిలేది రైతు ముఖం.
అటు చూడకుండా కూడికలు చేసేదాన్ని.

ఇక్కడ తాలు లేదు, తేమ లేదు.
తరగని సరుకుకి తరుగు ఎలా తీయను?
తరగదు కాబట్టే అందరికీ తేరగా కనిపిస్తుంది.
బ్రిస్బేన్ నుంచి డెక్లన్ రాశాడు.
రెండు లక్షల మంది అతని మాట వింటారట.
డెబ్బై శాతం కావాలట, కొసరుగా ఒక ఉచిత కాపీ.
"మీకు పోయేదేముంది, ఫైలేగా!"

ఫైలే.
మూడు చలికాలాలు, రెండుసార్లు మారిన కళ్లద్దాలు,
సూదిపోట్లకి మొద్దుబారిన ఎడమ చూపుడువేలు.
ఫైలే.

యాభై అని కొట్టాను. చెరిపాను.
నలభై. కార్డు కంపెనీ కోత, పన్ను,
అంతా దించుకుని వాపసు అడిగేవాళ్లు,
తన లింకు తానే నొక్కి కొనుక్కుని
నా వాటా ఏదీ అన్న మహాతల్లి ఒకామె.
పోనీ ఇరవై ఐదు.
ఇరవై ఐదుకి ఎవరు నోరు విప్పుతారు?
మాటసాయానికి రేటు కట్టాలంటే
నాలుకని తూచే కాటా కావాలి.

జాబితాలో అట్టడుగున బ్రాన్‌విన్.
లాన్సెస్టన్‌లో చర్చి వెనక హాలు,
మంగళవారాల్లో కుట్టు క్లాసు.
ఏడాది మొత్తానికి ఒకే ఒక్క అమ్మకం.
పాత లెక్కన నేను బాకీ: నాలుగు డాలర్ల ఇరవై సెంట్లు.
పేరు కొట్టేద్దామని వేలు ఎత్తి,
ఆమె పంపిన ఈమెయిల్ విప్పని సంగతి గుర్తొచ్చి విప్పాను.

"ఒకటి ఒప్పుకోవాలి. కొన్నది ఒక్కరే.
పదకొండు మందికి జిరాక్సు తీసి పంచాను.
వీళ్లలో చాలామందికి పింఛనే దిక్కు."

పదకొండు పద్నాలుగులు నూట యాభై నాలుగు.
చిట్టా రాసిన బుర్ర, ఊరుకోదు.
మండిపోయింది.
కింద ఫొటో: పొడుగు బల్లల మీద పదకొండు బొంతలు.
మూలలు కలిసే చోట ఒక్క ముడత లేదు.

నా బొంతకి ఉంటుంది. ఎప్పుడూ ఉంటుంది.
గుడ్డదే తప్పనుకుంటూ వచ్చాను.

"ఆరో పేజీలో కుట్టుకి పావంగుళం కలపడం మరిచారు.
పెన్సిల్‌తో దిద్ది జిరాక్సు తీశాను.
ఏమనుకోకండి."

లేచి, మంచం మీద కప్పుకునేదే లాక్కొచ్చి
లైటు కింద టేపు పెట్టాను.
పావంగుళం.
నాలుగు వందల పన్నెండు మందికి
ఆ ముడతని అమ్ముకున్నాను.

ఒంటిగంట దాటింది.
ఆరో పేజీ దిద్ది అందరికీ మళ్లీ పంపాను, క్షమాపణతో.
డెక్లన్‌కి ముప్పై అన్నాను, ఇష్టమైతే ఉండమని.
బ్రాన్‌విన్ పేరు ఎదురుగా గడి ఇంకా ఖాళీ.
కాసేపు చూసి
పావు అని రాశాను.
గడి ఎర్రబడింది:
చెల్లదు.