మధ్య మాట

పదకొండో వార్డులో నా పని బెడ్‌పాన్లు, దుప్పట్లు.
జీతం రాని పని ఇంకొకటుంది:
డాక్టరమ్మ అరవాన్ని తెలుగు చేయడం,
తెలుగు నొప్పిని అరవం చేయడం.
మింట్ వీధిలో పుట్టినదాన్ని. నాకు రెండూ ఒకే నాలుక.

కిటికీ అవతల సెంట్రల్ స్టేషన్
ఒకే ఆలస్యాన్ని మూడు భాషల్లో చెబుతోంది.

పెంచలయ్య ఎన్నూరులో ఆయిల్ ట్యాంకుకి రంగేస్తూ
పరంజా మీంచి జారాడు.
నడుముకి జానెడు పైన ఒక ఎముక నలిగింది.
దాని లోపల చిటికెన వేలంత తాడు, వెన్నుపాము.
పాము అని ఎవరు పేరు పెట్టారో గానీ
కాటు మాత్రం దానికే పడింది.

డాక్టర్ ఎళిలరసి స్కూటర్ తాళంచెవితో
అతని అరికాలు గీసింది.
కాలు చివుక్కున ముడుచుకుంది,
నిప్పు తొక్కినట్టు.
మస్తానమ్మ చేతిలో గిన్నె వదిలేసి లేచింది:
"కదిలింది! చూడు మా, కదిలింది!"

డాక్టరమ్మ నా వైపు తిరిగింది.
మందుల కంపెనీ కాగితం వెనక
బాల్‌పెన్నుతో గీసి మరీ చెప్పింది:

ఇది చర్మం నుంచి వచ్చే తీగ. ఇది కండకి పోయే తీగ.
నడుమ చిన్నవి, లెక్కలేనన్ని,
చాలావరకు ఊరు దాటి పోనివి.
ఇంటర్‌న్యూరాన్లట వాటి పేరు.
కబురు అందుకుని కబురు అందిస్తాయి, అంతే అనుకోకు.
వాటిలో ఎన్నో "వద్దు" అనడానికే ఉన్నాయి.
మోకాలు ముడవాలంటే
తొడ ముందరి కండని ఎవరో ఊరుకోమనాలి.
రెండూ ఒకేసారి బిగిస్తే కాలు కొయ్యే.
ఆపేవాటిని ఆపేవి కూడా ఉన్నాయి,
అప్పుడు దారి దానంతటదే వదులవుతుంది.

ఇప్పుడు ముడుచుకున్నది ఆ చిన్నవాటి పని.
తల నుంచి దిగే దారి తెగిపోయింది.
అతను కదపలేదు. కదిలినట్టు అతనికి తెలియదు కూడా.
చెప్పు వాళ్లకి.

మస్తానమ్మ నా నోటి వంకే చూస్తోంది.
"ఏమంటా ఉందిమా?"

చెవిలో పడిందంతా నాలుక దాకా వచ్చి
అక్కడ నిలబడిపోయింది.
"కాలికి తన పని ఇంకా గుర్తుందంట" అన్నాను.
అబద్ధం కాదు.
పెంచలయ్య ఫ్యాను కేసి చూసి నవ్వాడు.

మర్నాడు మెట్ల కింద కుళాయి దగ్గర
ఫ్లాస్కు తొలుస్తూ, తలెత్తకుండా, మస్తానమ్మ:
"మాది తడ. ఊరు దాటితే అరవమే.
నిన్న ఆయమ్మ చెప్పిందంతా నాకూ తెలిసిందిలే.
ఆయన ముందర నేనూ నోరు మూసుకున్నా.
ఇంక నా కోసరం ఏదీ ఆపబాక."

కుళాయి కట్టాలని ఇద్దరికీ తోచలేదు.
నేను చెప్పాను, వరసా వాయీ లేకుండా,
విన్నదీ, మింగిందీ, రాత్రి అన్నం ముందు
కూర్చుని తినలేకపోయిందీ.

అంతా విని ఆమె అడిగింది ఒక్కటే:
"గీస్తే ముడుచుకునే కాలుని
దినామూ గీస్తా ఉంటే,
పైదారికి వినపడదా?"

దానికి జవాబు నాకు రెండు భాషల్లోనూ రాదు.
అడిగొస్తానని మెట్లెక్కాను.